గాలి బాతుకు మాటు

మే నెల. అనంతపురంలో తెల్లవారేసరికి కూడా మిద్దె మీది బండలు పూర్తిగా చల్లారవు. నిన్న సాయంత్రం పిల్లలు నీళ్ల తొట్టిలో ఆడి వదిలేసిన పసుపుపచ్చ గాలి బాతు రాత్రంతా పిట్టగోడ పక్కనే పడి ఉంది. పొద్దున చూస్తే మెడ వాల్చేసింది. "అవ్వా, బాతు మెత్తబడిపోయింది" అంటూ చిన్నోడు మెట్లు దిగి వస్తాడు. అవ్వ పైకెళ్లి బాతును చేతిలోకి తీసుకుని వేళ్లతో నొక్కి చూస్తుంది. మెడ దగ్గర ఒక మడత, రెక్క కింద ఇంకో మడత. కొని పట్టుమని పది రోజులు కాలేదు.

వేసవి సెలవుల్లో ఇలాంటి బాతులు, రింగులు, గాలి పరుపులు, గాలి ఊది నిలబెట్టే చిన్న ఈత తొట్లు ఎన్నో ఇళ్లలో చేరుతున్నాయి. సెలవులు ముగిసేలోగా వాటిలో చాలా భాగం చెత్తబండి ఎక్కుతాయి. అలా పారేసే వాటిలో ఎక్కువ శాతం బాగు చేయదగినవే. కావలసింది ఓ అరగంట పని, ఆపైన ఒక రోజు ఓపిక, సరైన జిగురు. ఈ మూడింటిలో జనం ఎక్కువగా పొరబడేది జిగురు దగ్గర.

అనంతపురం జిల్లాకు ఏడాదికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెప్పుకుంటారు. అయినా ఇక్కడివాళ్లకు ఈత కొత్త కాదు. ఎద్దులతో నీళ్లు తోడే కపిలి బావులు నిండుగా ఉన్న రోజుల్లో ప్రతి ఊళ్లోనూ పిల్లలు బావిలోనే ఈత నేర్చుకున్నారు. నడుముకు ఎండిన సొరబుర్ర, లేదంటే బెండ్లు కట్టి, పైనుంచి చిన్నాయనో మామో తాడు పట్టుకుని దింపేవాడు. కొంచెం ఉన్నవాళ్ల బావిలో లారీ ట్యూబు తేలేది. బోర్లు వచ్చాయి. వందల అడుగుల లోతుకు పోయాయి. బావులు అడుగంటాయి. చాలా ఊళ్లలో ఆ బావులు ఇప్పుడు కంపచెట్లు మొలిచిన గుంతలు. ఈత నేర్చుకునే చోటు పోయింది గానీ నీళ్లలో ఆడాలన్న పిల్లల ఆశ పోలేదు. అది మిద్దె మీది ప్లాస్టిక్ తొట్టిలోకి మారింది.

చిల్లి కోసం వెతికే ముందు అసలు చిల్లి ఉందో లేదో తేల్చుకోవాలి. మన ఎండల్లో ఈ అనుమానం తప్పనిసరి. గాలి వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గట్టిగా ఊదిన రింగును సాయంత్రం సంపులోంచి తోడిన 28 డిగ్రీల నీళ్లలో వేస్తే, లోపలి గాలి నూటికి నాలుగు పాళ్లకు పైగా కుంచించుకుపోతుంది. రింగు మెత్తబడుతుంది. ఒక్క బుడగ గాలి కూడా బయటికి పోలేదు, అయినా చూసేవాళ్లకు కారిపోయినట్టే ఉంటుంది. పైగా కొత్త రింగు మొదటి రెండు మూడుసార్లు ఊదినప్పుడు ప్లాస్టిక్ కొద్దిగా సాగి వదులవుతుంది. అదీ లోపం కాదు. నిజం తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఉదయం చల్లని వేళ ఊది, ఎండ తగలని గదిలో పెట్టి, మర్నాడు అదే వేళకు చూడాలి. అప్పటికీ గట్టిగా ఉంటే దోషం ఎండది. మెత్తబడితేనే చిల్లి.

ఈ లెక్కకు రెండో వైపు ఇంకా ముఖ్యం. ఉదయం 27 డిగ్రీల దగ్గర బిగుతుగా ఊదిన బాతును నల్లటి తాడిపత్రి బండల మీద మధ్యాహ్నం దాకా వదిలేస్తే లోపలి గాలి 60 డిగ్రీలకు చేరవచ్చు. శాస్త్రజ్ఞులు ఇలాంటి లెక్కకు వేడిని మైనస్ 273 డిగ్రీల నుంచి కొలుస్తారు. ఆ కొలతలో 27 అంటే 300, 60 అంటే 333. అంటే గాలి పదకొండు శాతం పెరగాలని చూస్తుంది. పెరగడానికి చోటు లేకపోతే ఒత్తిడి చదరపు అంగుళానికి ఒకటిన్నర పౌండ్ల దాకా ఎక్కుతుంది. సైకిల్ ట్యూబుకు అది లెక్కలోకే రాదు, దానిలో కొట్టేదే 40 పౌండ్లకు పైన. కానీ పావు మిల్లీమీటరు మందం ఉండే ఈ బాతు మామూలుగా మోసేది ఒక్క పౌండు కన్నా తక్కువ. ప్లాస్టిక్ కొంత సాగి ఆ భారాన్ని తగ్గించుకుంటుంది. సాగలేని చోటు ఒకటుంది, అది అంచుల అతుకు. అక్కడే నోరు తెరుచుకుంటుంది. అనంతపురం ఎండలో పాడయ్యే గాలి బొమ్మలకు ముల్లు కంటే ముందు ఎండనే అనుమానించాలి. ఆట అయిపోగానే కొంచెం గాలి వదిలి నీడలోకి తెస్తే సగం మరమ్మతులు తప్పుతాయి.

చిల్లి ఉందని తేలాక చాలామంది కాళ్లు పంచర్ షాపు వైపు నడుస్తాయి. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. పంచర్ వేసే మనిషి చేతిపని చూడముచ్చటగా ఉంటుంది. టైరులోంచి ట్యూబు లాగి, గాలి కొట్టి, నల్లబడ్డ నీళ్ల తొట్టిలో జానెడు జానెడుగా ముంచుతూ తిప్పుతాడు. ఒకచోట సన్నటి బుడగల దారం పైకి లేస్తుంది. అక్కడ అగ్గిపుల్లతోనో పెన్నుతోనో గుర్తు పెట్టి, తుడిచి, ఉప్పు కాగితంతో గరుకుగా రుద్ది, సొల్యూషన్ పూసి, నోటితో ఊది ఆరబెట్టి, ప్యాచ్ వేసి సుత్తితో నాలుగు దెబ్బలు కొడతాడు. ఐదు నిమిషాల్లో బండి మళ్లీ రోడ్డెక్కుతుంది.

అదే మనిషి చేతికి గాలి బాతు ఇస్తే, పని తెలిసినవాడైతే ఒక్కసారి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది రబ్బరు కాదు సామీ, దీనికి మా సొల్యూషన్ పట్టదు" అని తిరిగి ఇచ్చేస్తాడు. నిజమైన మాట. సొల్యూషన్ అంటే కరిగించిన రబ్బరు, దానికి తోడు ప్యాచ్‌లోని రబ్బరును ట్యూబు రబ్బరుతో కలిపి గట్టిపరిచే మందులు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపి కాచిన రబ్బరు గట్టిపడుతుందని కనుక్కున్నాడు. పంచర్ ప్యాచ్ కింద జరిగేది దానికి చల్లని రూపం. అతుకు, ట్యూబు రెండూ ఒక్కటిగా మారిపోతాయి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గాలి టైరు తొడిగిన నాటి నుంచి ఈ పని అవసరమవుతూనే ఉంది.

బాతు పుట్టింది వేరే ఇంట్లో. అది పీవీసీ. మన బోరు పైపుల జాతిదే, కాకపోతే మెత్తబరిచే నూనెలాంటి పదార్థాలు కలిపి వంగేలా చేసినది. అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు వాల్డో సీమన్ 1926లో ఈ మెత్తటి రూపాన్ని సాధించాడు. ఆయన అప్పుడు వెతుకుతున్నది బొమ్మల కోసం కాదు, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం. అందుకోసం పీవీసీని మరిగించి చూస్తుంటే సాగే, వంగే పదార్థం ఒకటి చేతికొచ్చింది. రబ్బరు సొల్యూషన్ ఈ పీవీసీతో కలవదు. పైన పొరలా ఆరుతుంది, మర్నాడు గోటితో గీకితే ఉల్లిపొరలా ఊడి వస్తుంది. తప్పు సొల్యూషన్‌ది కాదు, మెకానిక్‌దీ కాదు.

పంచర్ షాపు కంప్రెసర్‌తో బాతుకు గాలి కొట్టించడం మాత్రం పూర్తిగా మానుకోవాలి. ఆ యంత్రం లారీ టైర్ల కోసం పెట్టింది. రెండు క్షణాల్లో అతుకులు విచ్చుకుపోతాయి. నోటితోనో, చేతి పంపుతోనో, కాలి పంపుతోనో ఊదితే చాలు.

చిల్లి పెట్టేవాళ్లలో ఈ నేలకే చెందిన పేరుమోసిన దొంగ పల్లేరు. వానలు మొదలవగానే బీడు మీద, రోడ్డు పక్కన, ఇంటి ముందు మట్టిలో నేలను అంటుకుని పాకే తీగ. చిన్న పసుపు పూలు. కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ గట్టి ముళ్లు. ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. 1753లో లిన్నేయస్ దీనికి ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అని పేరు పెట్టాడు. ఇంగ్లిష్‌లో జనం పిలిచే పేరు పంక్చర్ వైన్, అంటే పంచర్ తీగ. మన పల్లెల్లో సైకిల్ తొక్కిన ఎవరికీ ఈ పేరుకు అర్థం చెప్పనక్కర్లేదు. పల్లేరు మిద్దె మీద మొలవదు. అది పిల్లల చెప్పుల అడుగున గుచ్చుకుని మెట్లెక్కుతుంది. తొట్టి పరిచే ముందు చెప్పులు కిందే విప్పించి, బండలను చీపురుతో ఊడ్చి, అరచేత్తో ఒకసారి తడిమి చూడాలి. బండల అంచులు చెక్కిన చోట గరుకుగా, కత్తిలా ఉంటాయి. వాటి మీద పాత దుప్పటో, గోనెసంచులో వేసి ఆపైన తొట్టి పెడితే అడుగుకు ఆయుష్షు పెరుగుతుంది.

ఇక వెతకడం. చిన్న రింగైతే బకెట్‌లో ముంచి పంచర్ మెకానిక్ లాగే తిప్పవచ్చు. తొట్టి, పరుపు లాంటివి బకెట్‌లో పట్టవు. గ్లాసుడు నీళ్లలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కానీ రూపాయి షాంపూ కానీ కలిపి, స్పాంజితో పలుచగా పూస్తూ పోవాలి. పూయడం ముందు మూత దగ్గర మొదలుపెట్టాలి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. మూత కింద ఉండే పలుచని రెక్క మీద ఇసుక రేణువో, వెంట్రుకో ఇరుక్కుంటే గాలి కారుతూనే ఉంటుంది. కడిగి, తుడిచి, మూత బిగిస్తే మరమ్మతు అయిపోయినట్టే. ఆ తర్వాత అంచుల అతుకు వెంబడి, చివరికి చదునుగా ఉన్న చోట పూయాలి. చిల్లి ఉన్నచోట నురగ తెల్లటి చిన్న కుప్పగా పెరుగుతుంది. సూదిమొన అంత చిల్లికైతే ఆ కుప్ప ఆవగింజ నుంచి శనగగింజ అంత కావడానికి నిమిషం పడుతుంది, కాబట్టి తొందరపడకూడదు. రాత్రిపూట ఫ్యాను ఆపి, తడిపిన పెదవుల దగ్గరికి తెచ్చి చూస్తే చేతికి అందని సన్నటి గాలి కూడా తెలుస్తుంది. దొరకగానే చుట్టూ మార్కర్‌తో గీత గీయాలి. ఒక చిల్లి దొరికిందని ఆపేయకూడదు. పల్లేరు ముక్క మీద పడి దొర్లిన బాతుకు చిల్లులు జంటలుగా ఉంటాయి.

అతికించే పని నీడలో, గాలి ఆడే చోట పెట్టుకోవాలి. ముందు గాలి మొత్తం తీసేయాలి. సగం గాలితో ఉన్నదాని మీద వేసిన అతుకు, గాలి కారుతూ ఉండగానే లేచిపోతుంది. పిల్లల ఒంటి నూనె, సబ్బు జిడ్డు, పీవీసీలోంచి తనంతట తానే పైకి చెమర్చే మెత్తబరిచే పదార్థం, ఇవన్నీ జిగురుకు శత్రువులు. మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో తెల్లటి గుడ్డ మీద మురికి రానంతవరకు తుడవాలి. అతుకు ముక్కగా పెట్టెలోనే వచ్చే ప్యాచ్ ఉంటే మేలు. లేకపోతే అంతకుముందు చచ్చిపోయిన గాలి బొమ్మ ముక్క అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే అది అదే పీవీసీ, అదే మందం, అలాగే సాగుతుంది. డైనింగ్ టేబుల్ మీద పరిచే పారదర్శకమైన షీట్ కూడా పనికొస్తుంది. తొట్టి అడుగు లాంటి సాగని చోటుకు పాత ఫ్లెక్సీ ముక్క కూడా పట్టుకుంటుంది, అదీ పీవీసీ పూత వేసిన గుడ్డే. గుండ్రటి రెక్కలకు మాత్రం అది వద్దు.

చిల్లికి అన్ని వైపులా రెండేసి వేళ్ల వెడల్పు మిగిలేలా ముక్కను కత్తిరించాలి. మూలలు ఉండకూడదు. చతురస్రంగా కోసిన ముక్కకు నాలుగు మూలలా నాలుగు చోట్ల పొర లేవడం మొదలవుతుంది, గుండ్రటిదానికి మొదలయ్యే చోటే ఉండదు. జిగురు, వంగే పీవీసీకి అని ట్యూబు మీద రాసి ఉన్న వినైల్ గ్లూ అయి ఉండాలి. రెక్సిన్ సీట్లు కుట్టే షాపుల దగ్గర, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఈ జిగురు పైపైన అంటుకునేది కాదు. అందులోని ద్రావకం పీవీసీ పైపొరను కొద్దిగా కరిగించి రెండు ముక్కలనూ కలిపేస్తుంది. రబ్బరుకు పంచర్ సొల్యూషన్ చేసే మేలును పీవీసీకి ఇది తన దారిలో చేస్తుంది. రెండు వైపులా పలుచగా పూసి, వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, ముక్కను మధ్యలోంచి అంచులకు అద్దుకుంటూ పోవాలి. అప్పడాల కర్ర ఒకసారి ఒత్తి దొర్లిస్తే లోపలి గాలి బుడగలు బయటికి వస్తాయి. పైన ఒక ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద రోలు పొత్రం లాంటి బరువు పెట్టి ఒక రోజు వదిలేయాలి. ఒక రోజంటే ఒక రోజే. "అంటుకుంది కదా" అని రెండు గంటలకే ఊదితే లోపల ఇంకా ఆరని జిగురు మీద అతుకు జారుతుంది, ఆపైన ఎన్నిసార్లు వేసినా సరిగా కూర్చోదు. ద్రావకం ఆవిరికి మంట అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని పెట్టుకోకూడదు, పిల్లలను దూరంగా ఉంచాలి.

ఇంటింటా ఉండే మరో మూడు అలవాట్ల గురించి చెప్పక తప్పదు. బోరు పైపులకు వాడే గమ్ము ఈ జిల్లాలో ప్రతి పల్లెలో దొరుకుతుంది. అదీ పీవీసీ జిగురే కదా అని పూస్తారు. పట్టుకుంటుంది కూడా. కానీ అది గట్టి పైపుల కోసం చేసింది, ఆరాక బిళ్లలా బిగుసుకుంటుంది. ఊదినప్పుడు సాగే చోట పెళుసై పగులుతుంది. మందంగా పూస్తే పలుచని షీటు ముడతపడి కొత్త చిల్లి వస్తుంది. క్షణంలో అతికించే జిగురు కథ కూడా అంతే. చెప్పు తెగితే పనికొస్తుంది, సాగే పీవీసీకి పనికిరాదు. మూడోది అన్నిటికన్నా చెడ్డది. పగిలిన ప్లాస్టిక్ బకెట్‌కు కాల్చిన కత్తి పెట్టి అతికించినట్టు, బాతుకు ఇస్త్రీపెట్టెనో అగరుబత్తినో ఆనించడం. కంపెనీలో అంచులను వేడితోనే కలుపుతారు, నిజమే. అది హై ఫ్రీక్వెన్సీ యంత్రాలతో, కొలిచిన వేడితో జరిగే పని. ఇంట్లో మితిమీరి కాలిన పీవీసీ హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువును వదులుతుంది. గొంతు, ఊపిరితిత్తులు మండిపోతాయి.

అతుకు విచ్చుకున్న అంచులకు ప్యాచ్ సరిగా కూర్చోదు, ఎందుకంటే అక్కడ చదును లేదు. యురేథేన్ రకం సాగే సీలెంట్‌ను అంచు లోపలికి వెళ్లేలా పూసి రెండు రోజులు ఆరనిస్తే చిన్న చీలికలు నిలుస్తాయి. వేలెడు పొడవు విచ్చుకుంటే మాత్రం ఆశ వదులుకోవడమే మంచిది. గాలి పరుపులో లోపలి గోడలు తెగి ఒక చోట గుమ్మడికాయలా ఉబ్బినా అంతే. దాన్ని బయటినుంచి ఎవరూ బాగు చేయలేరు. అలాంటిదాన్ని పారేయకుండా కడిగి, ఆరబెట్టి, మడిచి పెట్టుకుంటే ముందు ముందు పది బొమ్మలకు అతుకులు దొరుకుతాయి.

గాలినీ నీటినీ సంచిలో బంధించి ఉంచే పని ఈ సీమకు కొత్తది కాదు. కపిలి తోలే కాలంలో బావిలోంచి నీళ్లు తెచ్చింది తోలు బానే. ఎద్దులు వాలు బాటలో కిందికి నడుస్తుంటే బాన పైకొచ్చి, తొండం గుండా నీళ్లు కాలువలో పడేవి. బాన కారితే ఎద్దుల సగం కష్టం తిరిగి బావిలోకే పోయేది. ఆ తోలును కుట్టి, నూనె పట్టించి, మాసికలు వేసి నిలబెట్టిన మాదిగ పనివాళ్ల నైపుణ్యం మీద వేల ఎకరాల పంట ఆధారపడింది. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేకపోయినా చరిత్రలో ఉండవలసిన పని అది. పక్కనే తుంగభద్ర మీద, 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ బుట్టల్లా గుండ్రంగా ఉండి, లోపల పేము, బయట తోలు కప్పిన పడవల గురించి రాశాడు. ఆనెగొందికి జనం వాటిలోనే దాటేవారు. ఆ పుట్టీలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, తోలు స్థానంలో ప్లాస్టిక్ షీటు, తారు వచ్చాయి. ఇంకా వెనక్కి వెళితే, క్రీస్తుకు ముందు తొమ్మిదో శతాబ్దపు అసిరియా రాజు రెండో అషుర్‌నసిర్‌పాల్ నిమ్రుద్ రాజభవనపు గోడ బొమ్మల్లో గాలి ఊదిన మేకతోలు సంచుల మీద నది దాటుతున్న మనుషులు కనిపిస్తారు. ఆ రాయి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈదుతూనే సంచి గొట్టాన్ని నోట్లో పెట్టుకున్నట్టు శిల్పి చెక్కాడు.

నీళ్లు నింపే తొట్టి విషయంలో చిల్లి ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. గోడల్లో ఉంటే గాలి పోతుంది, అడుగున ఉంటే నీళ్లు పోతాయి. ఐదడుగుల వెడల్పు గుండ్రటి తొట్టిలో తొమ్మిది అంగుళాల ఎత్తున నీళ్లు పోస్తే 400 లీటర్లు దాటుతాయి. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బిందెలతో 27, 28 బిందెలు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. ఆ లెక్కన అది ఏడుగురి ఒక రోజు నీళ్లు. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన వీధిలో ఈ తొట్టి అడుగు రాత్రంతా కారడం చిన్న విషయం కాదు. అందుకే తొట్టిని ముందు రెండు వేళ్ల ఎత్తు నీళ్లతో నింపి, కింద పరిచిన గుడ్డ తడిసిందా లేదా గంట తర్వాత చూసి, ఆ తర్వాతే మిగతా నీళ్లు పోయాలి. ఆడుకున్న నీళ్లను కాలువలోకి వదలకుండా మొక్కలకు పోయాలి. వారం రోజులు నిలవ ఉంచితే డెంగ్యూ దోమ అందులో గుడ్డు నుంచి రెక్కలదాకా పెరిగిపోతుంది. మూడు రోజులకు మించి ఉంచకూడదు.

సెలవులయ్యాక దాచడంలో కూడా మెళకువ ఉంది. తడి లేకుండా ఆరబెట్టి, మడతల మధ్య కొంచెం ముఖానికి రాసే పౌడరు చల్లి, వదులుగా చుట్టాలి. శెనక్కాయల మూటలున్న గదిలో పెట్టకూడదు. గింజల కోసం వచ్చిన ఎలుక బాతునూ వదలదు.

అతుకు నిలిచిందని తెలిశాక కూడా మరచిపోకూడని విషయం ఒకటుంది. కొత్తదైనా, అతికినదైనా, గాలి బాతు ఆట వస్తువు. ఇది ప్రాణరక్షణ సాధనం కాదని, పిల్లల కాళ్లు నేలకు అందే లోతులోనే, పెద్దవాళ్లు చూస్తుండగానే వాడాలని పెట్టెల మీద రాసి ఉంటుంది. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. మిద్దె మీద బాగా తేలిన రింగును నమ్మి కాలువకో, చెరువుకో పిల్లలను పంపడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పారే నీళ్లలో రింగు ముందుకు పోతుంది, పిల్లవాడు జారి వెనక ఉండిపోతాడు. మాటు వేసిన రింగు మీద మార్కర్‌తో తేదీ రాసి, ఇంటి తొట్టికే పరిమితం చేయాలి.

చీనీ తోటల రైతులు తవ్వుకున్న సేద్యపు కుంటల దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎర్రనేల నీళ్లను తాగేయకుండా కుంటలో 500 మైక్రాన్ల షీటు పరుస్తారు. అది చాలాచోట్ల పాలిథీన్. దానికి వినైల్ గ్లూ పట్టదు, పంచర్ సొల్యూషనూ పట్టదు, వేడిగాలి యంత్రంతో కలపవలసిందే. చిల్లి సంగతి అలా ఉంచితే, తడిసి పాచి పట్టిన ఆ షీటు వాలు మీద పెద్దవాళ్ల కాళ్లు కూడా నిలవవు. పడ్డవాడు ఈత వచ్చినా గట్టు ఎక్కలేడు. ఆ గట్టు మీద ఒక గుంజకు ముడులు వేసిన తాడు, తాడు చివర గాలి కొట్టిన పాత లారీ ట్యూబు ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. లారీ ట్యూబు రబ్బరుది, దానికి పంచర్ షాపు అతుకు పట్టుకుంటుంది. మీకు కుంట ఉంటే, ఈ వారం టౌనుకు వెళ్లినప్పుడు పంచర్ షాపులో ఒక పాత ట్యూబు అడగండి. చిల్లులకు అక్కడే ప్యాచ్‌లు వేయించి తెచ్చి కట్టండి. నెలకోసారి గాలి చూడండి.